ఆరడుగుల ఆన్‌లైన్ క్రిస్మస్ చెట్టు: చెట్టుకి ఐదుకి మూడున్నర, స్టార్‌కి ఐదుకి ఐదు

ముందు వస్తువు సంగతి చెప్పేస్తా. ఆరడుగుల ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు, పోయినేడాది ఆన్‌లైన్‌లో కొన్నది, బంతులూ గంటలూ సీరియల్ లైట్లూ అన్నీ కలిపి రెండు వేల లోపే పడింది. డబ్బా మీద చెప్పుకోదగ్గ కంపెనీ పేరేమీ లేదు, స్వెట్టర్లు వేసుకుని నవ్వుతున్న ఒక తెల్లవాళ్ల కుటుంబం ఫొటో మాత్రం ఉంది. ఈ ఏడాది అటక మీంచి మళ్ళీ దించి నిలబెట్టాక రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి వస్తువుల మీద డబ్బా విప్పిన రోజే రాసే రివ్యూలు నమ్మలేం, ఆ రోజు అందరికీ అన్నీ బాగానే ఉంటాయి. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఈ చెట్టు పిల్లలకి పనికొస్తుంది, మా వయసువాళ్లకి పని పెడుతుంది, మా అమ్మకి మాత్రం ఎందుకూ పనికిరాలేదు. ఆ మూడో ముక్క గురించే ఎక్కువ రాస్తాను, చెట్టు వివరాలు మాత్రమే కావాల్సినవాళ్లు మొదటి నాలుగైదు పేరాలు చదివి వెళ్లిపోవచ్చు.

ఇలాంటి చెట్లలో ఆకులు రెండు రకాలు. పీవీసీ అంటే పల్చటి షీటుని సన్నగా కత్తిరించి తీగకి మెలిపెట్టినవి, దగ్గర్నుంచి చూస్తే బర్త్‌డేలకి గోడకి వేలాడదీసే మెరుపు కాగితంలాగే ఉంటాయి. పీఈ అంటే అచ్చు పోసి చేసినవి, ఆకుకి ఒక మందం ఉంటుంది, చూడ్డానికి నిజం చెట్టే అనిపిస్తుంది, ధర మాత్రం చాలా ఎక్కువ. ఫొటోలో ఏది చూపించినా ఈ ధరకి వచ్చేది పీవీసీయే, ఆ సంగతి ముందే తెలుసుకుని కొంటే బాధ ఉండదు. ఇంకో విషయం, అందరూ ఎత్తు చూసి కొంటారు గానీ చూడాల్సింది కొమ్మల చివర్లు ఎన్ని ఉన్నాయన్నది, దాన్నే టిప్స్ అని రాస్తారు. అదే ఆరడుగుల చెట్టుకి టిప్స్ తక్కువైతే మధ్యలో ఇనప కడ్డీ బట్టబయలుగా కనిపిస్తుంది. మాది మధ్యరకం, గోడ మూలకి పెట్టాం కాబట్టి వెనకవైపు పలచదనం ఎవరికీ తెలియలేదు.

కడ్డీ మూడు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి దూరుతుంది, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. కొమ్మలు కడ్డీకే బందులతో బిగించి ఉన్నాయి, అలా నిలబెట్టి కిందకి వాల్చితే చాలు. ఒక్కో కొమ్మనీ కొక్కెంతో తగిలించే రకం కూడా దొరుకుతుంది, కాస్త చవక, దాని జోలికి పోకండి, జనవరిలో విప్పేటప్పుడు ఏది ఏ వరసదో తెలియక ఏడుపొస్తుంది. స్టాండ్ దగ్గర మాత్రం మార్కులు కోసేస్తాను. బోల్టు మర మొదటి రోజే అరిగిపోయి చెట్టు కొంచెం వాలింది, మా ఆయన అట్టముక్క మడిచి దూర్చి బిగించారు, ఆ అట్టముక్క మీదే ఈ ఏడాది కూడా నిలబడింది. కొత్తలో ప్లాస్టిక్ వాసన బాగా వచ్చింది, రెండు రోజులు బాల్కనీలో ఉంచాక పోయింది. పోయినేడాది ఆకు రాలింది, ఈసారి దాదాపు లేదు. ఫ్లాటుల్లో ఉండేవాళ్లు ఎత్తు కంటే అడుగు వెడల్పు కొలుచుకోండి, కింద వరస విప్పాక మూడడుగుల చోటు తినేస్తుంది, మాకు సోఫా జరపాల్సి వచ్చింది.

కొమ్మలు విడదీయడమే అసలు పని. డబ్బాలో అణిగిపోయి వచ్చిన ప్రతి కొమ్మనీ, దాని ప్రతి పిల్లకొమ్మనీ, ఒకటి పైకి, ఒకటి పక్కకి, ఒకటి కిందకి వంచుకుంటూ రావాలి, కింది వరస నుంచి మొదలుపెట్టి లోపల్నుంచి బయటికి. గంట పైనే పడుతుంది, చేతుల మీద సన్నటి గీతలు పడతాయి, ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటే మంచిది. విచిత్రం ఏంటంటే మా అమ్మాయికి ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. చెట్టంతా అయిపోయి లైట్లు వెలిగించాక ఒక ఐదు నిమిషాలు గంతులేసింది, ఆ తర్వాత దాని వంక చూడటమే తగ్గిపోయింది, కానీ కొమ్మలు వంచుతున్నంతసేపూ నోరు మూతపడలేదు. బంతులన్నీ తన చెయ్యి అందినంత ఎత్తులోనే, అదీ ఒకే పక్కన, కిక్కిరిసేలా కట్టింది. పైన అంతా ఖాళీ. నేను సర్దబోతే మా అమ్మ అడ్డం పడింది, "ఉండనీవే, చుట్టాలు దాన్ని చూడ్డానికి వస్తారా ఏంటి" అంది.

ఈ చివరి మాట మామూలుగానే అందనుకున్నా. కాదని తర్వాత తెలిసింది, ఆ సంగతికి వస్తా.

మాది చీరాల దగ్గర, సముద్రం వైపు. సరుగుడు తోటలకి కొదవలేదు, అందుకని మా చిన్నప్పుడు క్రిస్మస్ చెట్టంటే సరుగుడు మండే. ఒకటి నరుక్కొచ్చి ఇసక నింపిన నూనె డబ్బాలో పాతేవాళ్లు, దాని మీద మంచు అని చెప్పి దూది అంటించేవాళ్లం, మా వీధిలో మంచు చూసిన మనిషి ఒక్కరు లేరు. ఆ మండ అందంగా ఉండేదని అబద్ధం చెప్పను. ఒకపక్కకి ఒరిగిపోయి, పండగ నాటికే ఎండి రాలుతూ, కొత్త సంవత్సరానికి ఉత్త పుల్లలా మిగిలేది. ఈ రెండువేల రూపాయల చెట్టు పక్కన దాన్ని పెడితే ఐదుకి ఒకటి కూడా ఇవ్వను. అయినా దానికోసం రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు. ఎందుకని ఆలోచిస్తే నాకు తోచింది ఒకటే, ఆ వయసులో పండగ దానంతటదే వచ్చేది. గోడలకి సున్నం దానంతటదే పడేది, అరిసెలు డబ్బాలో వాటంతటవే చేరేవి, ఇరవై నాలుగో తారీఖు రాత్రి టైలర్ దగ్గర్నుంచి కొత్త గౌను కాజాలు సరిగ్గా కుట్టకుండానే ఇంటికి నడిచొచ్చేది. దేని వెనకా మనిషి కనిపించేవాడు కాదు. మనం చేసేదల్లా ఎదురుచూడటం, సండే స్కూల్ నాటికలో గొర్రెల కాపరి వేషానికి తలకి తువ్వాలు చుట్టుకోవడం.

మొన్న మా అమ్మని అడిగాను, ఆ రోజుల్లో నీకు క్రిస్మస్ అంటే ఎలా ఉండేదమ్మా అని. "నడుం నొప్పి" అంది. బియ్యం నానబోసి, తడారకుండా దంచి, పాకం పట్టుకుని కూర్చోవాలి, పాకం లేతైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్లకి పని, ఆ పాకం చూడ్డానికి పొయ్యి దగ్గర్నుంచి లేవడానికి ఉండదు. అది మన ఇంటికే కాదు, చుట్టుపక్కల అందరిళ్లకీ పంచాలి, వాళ్లు సంక్రాంతికి మనకి పంపుతారు కదా. తెల్లవారుజామున ఆరాధనకి పిల్లల్ని లేపి తయారుచెయ్యాలి. ఆవిడ చెప్తుంటే, మేము మంచాల మీద దొర్లుతూ ఎదురుచూసిన ఆ రాత్రి పక్కగదిలోనే ఈవిడ ఇదంతా చేస్తోందన్నమాట అనిపించింది. ఇప్పుడు ఆ పక్కగదిలో నేనున్నా. అరిసెలు కొనుక్కొస్తాం, అది వేరే సంగతి, కానీ గిఫ్టులు, కేకు, పిల్ల స్కూల్లో శాంటా డ్రెస్సు, చర్చిలో కానుక కవర్లు, ఆఫీసులో సెలవు, ఊళ్లో వాళ్లకి ఫోన్‌పేలు, ఇవన్నీ డిసెంబరు మొదటి వారం నుంచే టెన్షన్ పెడతాయి. ఈ చెట్టు వీటికి ఇంకో గంటన్నర కలిపింది. అందుకే పని పెడుతుందన్నా.

లైట్ల గురించి చెప్పాలి, డబ్బాతో పాటే వచ్చాయి. ఎల్‌ఈడీ, ఎనిమిది రకాలుగా వెలుగుతాయి, అందులో ఏడు కళ్లు తిరిగేలా ఉంటాయి, ఒకటే వాడతాం. వేడెక్కవు, పిల్లలున్న ఇంట్లో అదే పెద్ద ప్లస్. పాత సీరియల్ సెట్లు వాడినవాళ్లకి తెలుస్తుంది ఈ తేడా. అప్పుడు చిన్న చిన్న ఆరు వోల్టుల బల్బులు, మన ఇంటి 230 వోల్టుల్ని పంచుకోవడానికి నలభై దాకా ఒకే వరసలో కట్టేవాళ్లు, ఒక్కటి మాడితే మొత్తం ఆరిపోయేది. మా అన్నయ్య ప్లగ్గు పెట్టి, ఒక మంచి బల్బు చేత్తో పట్టుకుని మొదటి హోల్డర్ నుంచి చివరిదాకా ఒక్కొక్కటే మార్చి చూసేవాడు, ఎక్కడ వెలిగితే అక్కడ దొంగ దొరికినట్టు. ఆ వరసలో మాస్టర్ బల్బని ఒకటుండేది, లోపలి రేకు వేడికి వంగి కనెక్షన్ తీసేసి, చల్లారి మళ్ళీ కలిపేది, మిణుకుమిణుకులన్నీ దాని పుణ్యమే. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ దగ్గర పనిచేసే ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో చెట్టుకి 80 కరెంటు బల్బులు కట్టాడట, ఆయనకి సాయం మా అన్నయ్య లాంటివాడు ఎవడో ఉండే ఉంటాడు. కొత్త సెట్టులో ఈ ఏడాది చివరి మూరెడు వెలగడం లేదు. బాగుచేయడానికి వీల్లేదు, బల్బులు తీగలోనే అతికించి ఉన్నాయి. వెలగని ముక్కని చెట్టు వెనక్కి తిప్పాం.

మధ్యలో ఒక వయసుంది, దానికి ఈ చెట్టుతో ఏ సంబంధమూ లేదు. కాలేజీ రోజుల్లో క్రిస్మస్ అంటే చర్చి యూత్ గ్రూపు, ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడే కేరల్ రౌండ్స్, డోలక్ కొట్టి కొట్టి ఎర్రబడ్డ చేతులు, అర్ధరాత్రి ఎవరింటి ముందో ఇచ్చిన టీ. ఇంట్లో చెట్టు పెట్టారో లేదో కూడా చూసేదాన్ని కాదు. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం, హాస్టల్, అప్పుడు పండగంటే చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరకడం, అంతే. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తీస్తున్నారు కాబట్టి ఊరెళ్లేవాళ్లకి క్రిస్మస్ అక్టోబరు చివర్లోనే మొదలవుతుంది. మేం వెళ్లడం మానేశాం. నాన్న పోయాక అమ్మని ఇక్కడికే తెచ్చుకున్నాం, ఊళ్లో తాళం వేసిన ఇల్లుంది.

పోయినేడాది ఆవిడకి ఇక్కడ మొదటి క్రిస్మస్. నిజానికి చెట్టు కొన్నది సగం ఆవిడ కోసమే, ఇల్లు కళకళ్లాడుతుంటే దిగులు పడదులే అనుకున్నాం. లైట్లు వెలిగించి, గదిలోంచి పిలిచి చూపిస్తే, కాసేపు చూసి, "బానే ఉంది. స్టార్ ఏదే?" అంది. చెట్టు చివర ఉన్న ప్లాస్టిక్ స్టార్ చూపించా. అది కాదంది, బయట కట్టే స్టార్.

మా ఊళ్లో చెట్టు లేని ఇళ్లు ఎన్నో, స్టార్ లేని ఇల్లు ఉండేది కాదు. వెదురు బద్దలు చీల్చి ఐదు మూలలుగా కట్టి, మధ్యలో పొట్ట ఉబ్బెత్తుగా రావడానికి అడ్డ పుల్లలు పెట్టి, మైదాపిండి ఉడికించిన జిగురుతో రంగు కాగితాలు అంటించి, లోపల జీరో బల్బు వేలాడదీసి, దాన్ని పొడవాటి గెడకి కట్టి ఇంటి మీదకి ఎత్తేవాళ్లు. కొందరు తోక కూడా పెట్టేవాళ్లు. రాత్రి పొగమంచుకి తడిస్తే కాగితం వదులై ఊడిపోయేది, మళ్ళీ దించి అంటించాలి. డిసెంబరు ఒకటినే కట్టేసేవాళ్లు, మా అమ్మ మాటల్లో చెప్పాలంటే కట్టిన రోజే పండగ సగం అయిపోయినట్టు. తూర్పు దేశపు జ్ఞానులకి దారి చూపిన నక్షత్రం అని సండే స్కూల్లో చెప్పినదంతా సరే, ఊళ్లో దాని పని ఇంకోటి. ఈ ఇంట్లో మనుషులున్నారు, రావచ్చు అని వీధికి చెప్పడం. చెట్టు ఇంట్లో వాళ్లకే కనిపిస్తుంది. చుట్టాలు దాన్ని చూడ్డానికి రారన్నది అందుకే.

సరే అని సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు వెళ్లి తెచ్చాం. డిసెంబరు వస్తే అక్కడ స్టార్లు బోలెడు, మడత విప్పే అట్టవి, ప్లాస్టిక్‌వి, ఎల్‌ఈడీ గీతలతో చేసినవి. ఆన్‌లైన్‌లో అయితే హెర్న్‌హుట్ స్టార్ అని జర్మనీది ఒకటి కనిపిస్తుంది, చుట్టూ ముళ్లలా బోలెడు మూలలు, ఎప్పుడో 1800ల్లో అక్కడ ఒక బడిలో లెక్కల పాఠం కోసం అలా చేయడం మొదలైందట, చూడముచ్చటగా ఉంది గానీ ధర చూసి పేజీ మూసేశాను. మేం కొన్నది ఎర్రటి అట్ట స్టార్, మూడడుగులది, చెట్టు ధరలో ఐదో వంతు కూడా లేదు. లోపల తొమ్మిది వాట్ల బల్బు పెట్టి రోడ్డు వైపు బాల్కనీలో కట్టాం. నాకైతే చెట్టు ముందు వెలవెలబోతున్నట్టే అనిపించింది.

ఆ మర్నాడు సాయంత్రం వాచ్‌మన్ వాళ్ల ఆవిడ తలుపు కొట్టింది. మార్కాపురం వైపు వాళ్లని అప్పటిదాకా నాకు తెలీదు. "వందనాలమ్మగారూ, స్టార్ చూసి వచ్చాను, మీరూ చర్చికెళ్తారాండీ?" అంది. మా అమ్మ కుర్చీ లాగి కూర్చోబెట్టింది, ఏ ఊరు, ఏ చర్చి, పాస్టరయ్యగారెవరు, పిల్లలేం చదువుతున్నారు, అలా చీకటి పడేదాకా. హైదరాబాద్ వచ్చాక ఆవిడ అంతసేపు ఎవరితోనూ మాట్లాడగా నేను చూడలేదు. ఇంకో రెండ్రోజులకి నాలుగో ఫ్లోర్ మలయాళీ ఆంటీ, ఇన్నాళ్లూ లిఫ్టులో నవ్వుకోవడమే మా పరిచయం, స్టార్ మీదేనా అంటూ ప్లమ్ కేకు పట్టుకుని దిగింది. ఎండుద్రాక్ష, నారింజ తొక్కల ముక్కలు వారాల ముందే నానబెట్టి చేసిన నల్లటి కేకు, కోసినా పొడి రాలదు. 1883లో మా తలశ్శేరిలో మంబల్లి బాపు అనే ఆయన చేశాడమ్మా ఇండియాలో మొదటి క్రిస్మస్ కేకు అని గర్వంగా చెప్పుకుంది. ఆవిడకి తెలుగు అంతంతమాత్రం, మా అమ్మకి మలయాళం అసలు రాదు, అయినా ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. మర్నాడు మా అమ్మ బియ్యం నానబోసింది. నడుం నొప్పి అన్న మనిషే. కొనుక్కొద్దాం అంటే వినలేదు, ఇంటికొచ్చినవాళ్లకి కొన్నవి పెడతామా అంది.

కేరల్స్ సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు చర్చి వాట్సాప్ గ్రూపులో మన ఇంటికి టైం ఇస్తారు, ఇంటికి పావుగంట, రాత్రి పది దాటితే స్పీకర్లు పెట్టకూడదు కదా, సెక్యూరిటీ దగ్గర ముందే పేర్లు రాయించాలి. ఊళ్లో లాగా అర్ధరాత్రి వీధి చివర డోలక్ వినిపించగానే లేచి కూర్చోవడాలు లేవు. వచ్చినవాళ్లు చెట్టు దగ్గర నిలబడి ఫొటోలు దిగారు, అందుకు మాత్రం చెట్టు భలే ఉంది, ఫొటోల్లో పలచదనం అస్సలు తెలియదు. మా అమ్మాయి శాంటా తాత ఇచ్చిన చాక్లెట్లు లెక్కపెట్టుకుంది. నేను సమోసాలు సరిపోతాయా లేదా అని వంటింట్లో లెక్కపెట్టుకున్నా. మా అమ్మ మాత్రం ప్రతి మనిషినీ ఆపి, మీదే ఊరు బాబూ అని అడిగింది. అందులో ఒక కుర్రాడు వేటపాలెం అని తేలింది, ఇక పావుగంట కాస్తా అరగంట అయింది, మా తర్వాత టైం ఉన్న ఇంటివాళ్లు గ్రూపులో మెసేజీలు.

ఈ ఏడాది మా అమ్మ స్టార్ మొదటి తారీఖునే కట్టించుకుంది. చెట్టు అటక మీంచి పది రోజుల తర్వాత దిగింది, అదీ పిల్ల గొడవ పడలేకే.

ఇక కొనాలా వద్దా. ఇంట్లో పదేళ్ల లోపు పిల్లలుంటే చెట్టు కొనండి, కానీ లైట్లూ బంతులూ ముందే బిగించి వచ్చే రెడీమేడ్ రకం వద్దు, వాళ్లకి చెయ్యడానికి ఏమీ మిగలదు. టిప్స్ ఎక్కువున్నది చూడండి, బందుల కొమ్మలే తీసుకోండి, స్టాండు బోల్టు రాగానే బిగించి చూసి మర సరిగా లేకపోతే గడువు లోపే వెనక్కి పంపండి. విప్పేటప్పుడు మూడు ముక్కల్నీ పాత దుప్పట్లో చుట్టి పెట్టండి, వచ్చిన డబ్బాలో మళ్ళీ పట్టదు. నవంబరు మధ్యలో కొంటే డిసెంబరు కంటే చవగ్గా వస్తుంది. పిల్లలు లేరు, పెద్దవాళ్లున్నారు అంటే చెట్టు డబ్బులు మిగుల్చుకుని స్టార్ కొనండి, అట్టదైతే మామూలు బల్బు కాకుండా ఎల్‌ఈడీయే పెట్టండి, లేకపోతే వేడికి అట్ట మాడుతుంది. బాల్కనీ రోడ్డు వైపు లేకపోతే మెట్ల వైపు కిటికీకి కట్టినా సరిపోతుంది, లిఫ్టు దిగేవాళ్లకి కనపడాలి అంతే. మా స్టార్‌కి ఒక మూల పోయినేడాది వానకి మెత్తబడింది, ఈసారి దాని మీద పెద్ద పాలిథిన్ కవరు తొడిగాం, వెలుగు కొంచెం తగ్గింది గానీ నాలుగో ఫ్లోర్‌కి బానే కనిపిస్తోందట.